రాజు కావలెనను కోరిక



విశాఖపట్టణ ప్రాంతములో కూర్మన్నపాలెము కూడలిని ఎరుగనివారు తక్కువ. ఒక వైపు గాజువాక, మరియొక వైపు అనకాపల్లి, నడుమ ఉక్కు కర్మాగారమునకు పోవు దారి. కొన్ని ఏండ్ల క్రిందట, ఎన్నికలకు ముందు, ఒక ఆదివారమున నేనక్కడ బస్సు దిగి, సమీపముననున్న ఒక చిన్న సంఘమునకు ఆరాధన నిమిత్తము పోవుచుంటిని. దారిలో ఒక నాయకుని పెద్ద పటము నా కంటబడెను. ఆయన తలమీద బంగారు కిరీటమును, చేతిలో కత్తిని, వెనుక సింహాసనమును చిత్రించియుండిరి. క్రింద "మా రాజు" అని వ్రాసియుండెను. ఆయన ఏ పక్షమువాడో చెప్పవలసిన పనిలేదు. అట్టి పటములు అన్ని పక్షములవారికిని కలవు.

ఆరాధన ముగిసిన పిమ్మట మందిరపు అరుగుమీద కూర్చుండియుండగా, కళాశాలలో చదువుకొనుచున్న ఒక చిన్నవాడు నాయొద్దకు వచ్చెను.

"అయ్యగారూ, ఒక సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అమెరికాలో రాజరికం ఉన్నట్టు ఊహించి కథలు రాసేవాళ్లున్నారు. ఆ కథల్లో అక్కడ సింహాసనం ఉంటుంది, రాజు ఉంటాడు, ఆ రాజు కింద ఓట్లతో గెలిచిన నాయకుడు ఒకడు ఉంటాడు. చదివితే నాకు నవ్వు రాలేదండి. మన కూడలిలో పటమే గుర్తొచ్చింది. రాజు లేని దేశంలో మనమే ఇంతగా వంగుతున్నాం గదా, రాజున్న దేశంలో ఎంత వంగాలి? అసలు రాజు ఉండడం తప్పా, రాజు కావాలని కోరుకోవడం తప్పా?"

నేను జవాబు చెప్పకమునుపే, ప్రక్కన కూర్చుండియున్న ఒక ముసలివాడు మాటలాడెను. కర్మాగారము కొరకు భూమిని విడిచిన కుటుంబములలో ఆయనది ఒకటి.

"మా తాత దివాణం కాడ రాజుగోరి కాళ్లకి మొక్కినాడు బాబూ. మా అయ్య కరణంగోరి కాళ్లకి మొక్కినాడు. నాను లీడరుగోరి కాళ్లకి మొక్కినాను. కాళ్లు మారినాయి గాని, మా నడుం మారనేదు."

ఆ మాట ఆ దినమునుండి నన్ను విడువలేదు. చిన్నవాని ప్రశ్నను, ముసలివాని మాటను కలిపి నేడు మనము కొంచెము ఆలోచింతము.

ఆ చిన్నవాడు చెప్పినది కట్టుకథయే. అయినను ఆ కట్టుకథ నిజమగుటకు ఒక తలుపు ఒక దినమున తెరువబడెను. అమెరికావారు ఇంగ్లాండు రాజుతో యుద్ధముచేసి గెలిచిన దినములవి. సైనికులకు జీతములు అందుట లేదు. ప్రతినిధుల సభ బలహీనముగా నుండెను. 1782వ సంవత్సరము మే నెలలో లూయిస్ నికోలా అను కర్నలు సేనాధిపతియైన జార్జి వాషింగ్టనునకు ఒక లేఖ వ్రాసెను. ప్రజాప్రభుత్వము బలహీనమనియు, వాషింగ్టను వంటివానికి రాజు అను బిరుదు నిచ్చుట మేలనియు దాని భావము. వాషింగ్టను అదే దినమున జవాబు వ్రాసి, ఆ తలంపును మనస్సులోనుండి తీసివేయుమని గద్దించెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అన్నాపొలిసు పట్టణములో ప్రతినిధుల సభయెదుట నిలిచి, తన సేనాధిపత్యమును వారి చేతికి తిరిగి ఇచ్చెను. పిమ్మట దేశాధ్యక్షుడై, రెండు పర్యాయములు ఆ పదవిలో నుండి, 1797లో విడిచి ఇంటికి పోయెను. గెలిచిన సేనాధిపతి కత్తిని దింపి ఇంటికి పోవుట లోకచరిత్రలో తరచుగా కనబడు సంగతి కాదు.

మన గ్రంథములో గిద్యోను సంగతి ఇట్టిదే. మిద్యానీయులను జయించి వచ్చిన గిద్యోనును, అతని కుమారుని, అతని మనుమని కూడ తమ్మును ఏలుమని ఇశ్రాయేలీయులు అడిగిరి. అతడు ఒప్పుకొనలేదు. తానుగాని తన కుమారుడుగాని ఏలుట తగదు, దేవుడే ఏలవలెనని చెప్పెను. ఎంత చక్కని మాట! మనము సాధారణముగా అక్కడనే పుస్తకమును మూసివేయుదుము. కాని తరువాతి వచనములను కూడ చదువవలెను. కిరీటము వద్దన్న గిద్యోను ప్రజల చెవిపోగులను అడిగి తీసికొనెను. 1,700 తులముల బంగారముతో ఏఫోదు చేయించి తన ఊరిలో ఉంచగా, అది అతనికిని అతని ఇంటివారికిని ఉరియాయెను. అతడు అనేక స్త్రీలను పెండ్లాడెను. ఒక కుమారునికి అబీమెలెకు అను పేరు కలిగెను. ఆ పేరునకు "నా తండ్రి రాజు" అని అర్థము. ఆ అబీమెలెకే తరువాత తన సహోదరులను డెబ్బదిమందిని ఒక రాతిమీద చంపించి రాజాయెను. బహిరంగముగా వద్దన్న కిరీటము ఇంటి వెనుక తలుపునుండి లోపలికి వచ్చెను.

వాషింగ్టను సంగతియు అట్లే చూడవలెను. రాజరికమును త్రోసివేసిన ఆయన తన పొలములో యజమానుడైయుండెను. 1799లో ఆయన చనిపోవునాటికి మౌంట్ వెర్నను పొలములలో 300 మందికి పైగా నల్లజాతి బానిసలు పనిచేయుచుండిరి. వారిలో ఆయన సొంతమైనవారిని, తన భార్య మరణానంతరము విడుదల చేయవలెనని ఆయన వీలునామాలో వ్రాసెను. అది మంచిదే. కాని బ్రతికియున్నంతకాలము ఆ బానిసలకు ఆయన రాజుకంటె ఎక్కువవాడు. రాజునకు పన్ను కట్టిన రైతు సాయంకాలము తన పిల్లలతో కలిసి భోజనము చేయగలడు. బానిసకు తన పిల్లలు కూడ తనవారు కారు. ఒకే మనుష్యుడు సభలో కిరీటమును వద్దని, ఇంటిలో దానిని ధరించియుండెను. ఆయనను నిందించుటకు దీనిని వ్రాయుట లేదు. ఇట్టి రెండు ముఖములు మనకు కూడ కలవని జ్ఞాపకము చేయుటకే వ్రాయుచున్నాను.

ఇప్పుడు సముద్రము దాటి మన సీమకు వత్తము. ఉత్తరాంధ్రలో రాజు అనగానే విజయనగరమే జ్ఞాపకము వచ్చును. 1794లో పద్మనాభమువద్ద కంపెనీ సైన్యముతో పోరాడి విజయరామరాజు కూలెను. ఆ తరువాత ఆ వంశమువారు కంపెనీకి పేష్కష్ చెల్లించు జమీందారులైరి. అయినను ప్రజలకు వారు మహారాజులే. 1948లో మద్రాసు రాష్ట్రములో ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి, జమీందారీలను తీసివేసెను. రైతు నేరుగా ప్రభుత్వమునకే శిస్తు కట్టవలసినవాడాయెను. 1950 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 18వ అధికరణముచేత బిరుదులను కూడ రద్దు చేసెను.

ఆ సమయమున విజయనగరపు గద్దెకు వారసుడు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు. 1924లో పుట్టిన ఆయన ఆ పోయిన రాజ్యమును గూర్చి ఏడ్చుచు కోటలో కూర్చుండలేదు. సోషలిస్టు పక్షములో చేరెను. జమీందారులుండరాదని చెప్పు పక్షమది. 1952లో మద్రాసు శాసనసభకును, 1957లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకును ఎన్నికయ్యెను. పిమ్మట ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గములో పనిచేసెను. 1958లో తన తండ్రి అలక్ నారాయణ గజపతిగారి పేరట మాన్సాస్ అను విద్యాసంస్థను స్థాపించి, తాతముత్తాతల కోటను దానికి ఇచ్చెను. రాజులు కాపురమున్న గోడల నడుమ పిల్లలు పాఠములు చదువుకొనసాగిరి. 1995లో ఆయన మరణించెను.

ఓటు అడుగుటకు వచ్చిన రాజును ఒక్కసారి మనస్సున ఊహించుడి. నిన్నటివరకు ఎవరి తాతలు తన తాతల దివాణపు వాకిట చేతులు కట్టుకొని నిలిచిరో, వారియొద్దకు ఆయన పోయి, నాకు మీ మద్దతు కావలెనని అడుగవలెను. కాదనుటకు వారికి హక్కు కలదు. ఆయన అడుగుటకు నేర్చుకొనెను. అయితే మనము ఇచ్చుటకు నేర్చుకొంటిమా? "రాజావారు వచ్చిరి" అని వంగి నిలుచుట మనకు అలవాటు. చట్టము ఒక దినమున భూమి పట్టాను మార్చగలదు. నడుములోని వంపును మార్చుటకు ఏ శాసనసభకును శక్తి లేదు. అది మనమే చేసికొనవలసిన పని.

ఇక్కడ ఒకరు నన్ను ఆక్షేపింపవచ్చును. "రాజులు చెరువులు త్రవ్వించలేదా? కళాశాలలు పెట్టించలేదా? మేలు చేసినవానికి మ్రొక్కుట తప్పా?" మేలు చేసిరి, నిజమే. మేలును మరచుట పాపము. పెద్దలను గౌరవించుట మనకు ఆజ్ఞయే. అయితే కృతజ్ఞత వేరు, లోబడుట వేరు. కృతజ్ఞత గలవాడు నిలువుగా నిలిచి వందనము చెప్పును, అవసరమైనప్పుడు అదే నోటితో "అయ్యా, ఈ పని న్యాయము కాదు" అని కూడ చెప్పును. లోబడినవానికి ఆ రెండవ మాట నోట రాదు. ఆ రెండవ మాట పలుకుటకు భయపడుచున్నామా లేదా అని చూచుకొనినయెడల మనది గౌరవమో దాసత్వమో మనకే తెలియును.

రాజు కావలెనను కోరిక మనుష్యునికి ఎందుకు పుట్టును? మొదటి సమూయేలు గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో దాని కారణము స్పష్టముగా కనబడును. సమూయేలు కుమారులు లంచములు పుచ్చుకొనుచుండిరి. ప్రజల ఫిర్యాదు న్యాయమైనదే. కాని లంచగొండులను తీసివేయుమని వారు అడుగలేదు, తమకొక రాజును ఇమ్మని అడిగిరి. తమకు న్యాయము తీర్చుటకు, తమ ముందర నడుచుటకు, తమ యుద్ధములు చేయుటకు అతడు కావలెననిరి. ఈ మూడు పనులును నిజముగా ఎవరి పనులు? తీర్పు విషయమై ఆలోచించుట, ముందుకు నడుచుట, అన్యాయమును ఎదిరించుట, ఇవి అందరును మోయవలసిన బరువు. ఆ బరువును ఒక్కని తలమీద పెట్టి తాము విశ్రమింపవలెనని వారు కోరిరి. సమూయేలు వారికి వెల చెప్పెను: వాడు మీ కుమారులను, కుమార్తెలను, పొలములను, పంటలో పదియవ భాగమును తీసికొనును. వారు విని కూడ ఒప్పుకొనిరి. బరువు దింపుకొనువాడు తన స్వాతంత్ర్యమును ఆ మూటలోనే కట్టి ఇచ్చివేయును.

డాక్టరు అంబేద్కరుగారు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగములో ఇదే అపాయమును చూపించిరి. మత విషయములో భక్తి ఆత్మను రక్షించుటకు దారి కావచ్చును గాని, రాజకీయములలో నాయకునిపట్ల భక్తి దేశమును పతనమునకును, చివరకు నిరంకుశత్వమునకును నడిపించునని ఆయన హెచ్చరించెను. భక్తి అను మాటను మనము మందిరములో ప్రతి వారము పలుకుదుము. అది ఎవరికి చెందునో, ఎవరికి చెందదో మనకంటె బాగుగా ఎవరికి తెలిసియుండవలెను?

ఇప్పుడు చిన్నవాని ప్రశ్నకు జవాబు వెదకుదము. రాజున్న దేశములో నాయకుడు ఎట్లుండును? ఊహలోని అమెరికాకు పోనక్కరలేదు. ఇంగ్లాండులో రాజు కలడు. అక్కడ చర్చిల్ అను ప్రధానమంత్రి ఘోరమైన యుద్ధములో తన దేశమును నిలువబెట్టెను. ఆయన మన దేశ స్వాతంత్ర్యమునకు మిత్రుడు కాడు, అయినను తన ప్రజలకు వీరుడు. 1945లో ఐరోపాలో యుద్ధము గెలిచిన కొద్ది వారములకే ఎన్నికలు వచ్చెను. ప్రజలు ఆయన పక్షమును ఓడించిరి. ఆయన పదవిని విడిచి పోయెను. సింహాసనమున్న దేశములో ప్రజలు నిలువుగా నిలిచి ఓటు వేసిరి. సింహాసనము లేని దేశములో మనము పటముమీద కిరీటము గీయుచున్నాము. గనుక అపాయము సింహాసనములో మాత్రమే లేదు. ద్వితీయోపదేశకాండము పదునేడవ అధ్యాయములో రాజునకు విధించిన ధర్మమును చూడుడి. అతడు ధర్మశాస్త్రమును తన కొరకు వ్రాసికొని దినదినము చదువవలెను, తన సహోదరులకంటె తాను ఎక్కువవాడనని హృదయమున గర్వింపరాదు. అనగా నాయకుని పరీక్షించుటకు రెండు ప్రశ్నలు చాలును. ఇతనిపైన ధర్మమున్నదా? ఇతనిని ప్రశ్నింపవచ్చునా? ఈ రెంటికిని "అవును" అని చెప్పగల దేశమున రాజున్నను ప్రజలు స్వతంత్రులే. "కాదు" అని చెప్పవలసిన చోట రాజు లేకున్నను వారు దాసులే.

కూర్మన్నపాలెమువారికి ఈ సంగతి పుస్తకములనుండి నేర్పనక్కరలేదు. 1966లో ఉక్కు కర్మాగారము విశాఖలోనే కావలెనని ఆంధ్రదేశమంతట ఉద్యమము లేచినప్పుడు ఏ రాజును ముందు నడువలేదు. తెన్నేటి విశ్వనాథముగారి వంటి నాయకులుండిరి, నిజమే. కాని విద్యార్థులు, కూలీలు, చిన్న వర్తకులు వీధులలోనికి వచ్చిరి. కాల్పులలో 30 మందికి పైగా ప్రాణములు విడిచిరి. 1971 జనవరిలో ఇందిరాగాంధీగారు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. దాని కొరకు అనేక గ్రామములవారు తమ పొలములను, ఇండ్లను విడిచిరి. కర్మాగారమును ప్రైవేటు వారికిచ్చుటకు తలపెట్టినప్పుడు, 2021 ఫిబ్రవరి నుండి కూర్మన్నపాలెములో శిబిరము వేసి, కార్మికులు వేయి దినములకు పైగా రిలే దీక్షలు సాగించిరి. ఆ వాదములో ఎవరి పక్షము సరియైనదని తీర్పు చెప్పుట నా పని కాదు. ఆ శిబిరములో కూర్చున్నవారు ఒకరి వెనుక ఒకరు వంతులవారీగా బరువును మోసిరని మాత్రమే చెప్పుచున్నాను. ఇశ్రాయేలు పెద్దలు రాజు తలమీద పెట్టగోరిన బరువును వీరు తమలో పంచుకొనిరి.

సహోదరులారా, ఇంతవరకు ఇతరుల కిరీటములను గూర్చి వ్రాసితిని. నా కిరీటమును గూర్చి వ్రాయకపోయినయెడల వేషధారినగుదును. నేను యౌవనములో ఒక సంఘమునకు కార్యదర్శిగా నుంటిని. మూడేండ్ల కొరకు ఎన్నుకొనిరి, పండ్రెండేండ్లు ఉంటిని. ఎవరును నన్ను నిర్బంధింపలేదు, ఎవరును దిగుమనలేదు. మందిరపు తాళపుచెవులు నా మొలకు ఉండెను, లెక్కల పుస్తకము నా పెట్టెలో ఉండెను. ఒక ఆదివారము ఒక పడుచువాడు లేచి, "అయ్యగారూ, పోయిన పంట కానుకల లెక్క చదివి వినిపించండి" అని అడిగెను. నేను ఒక్క పైసయు తీసికొనలేదు. అయినను నాకు కోపము వచ్చెను. "నన్నే అడుగుదువా?" అంటిని. సంఘమంతయు తలలు వంచుకొనెను. ఆ పడుచువాడు మరల మందిరమునకు రాలేదు. నా చేతులు శుద్ధముగా నుండెను గాని నా హృదయములో అబీమెలెకు పుట్టియుండెను. "నన్నే అడుగుదువా" అనునదే రాజుల భాష.

ఆ భాష మన ఇండ్లలో వినబడుట లేదా? భార్య ఖర్చు అడిగినప్పుడు భర్త నోట, కోడలు మాట చెప్పినప్పుడు అత్త నోట, కూలివాడు కూలి అడిగినప్పుడు రైతు నోట అది వినబడును. అసెంబ్లీకి పోవు నాయకుడు ఆకాశమునుండి దిగిరాలేదు. ఆయనయు మన ఇండ్లలో పెరిగినవాడే. మన అరుగులమీద నేర్చుకొన్న భాషనే ఆయన పెద్ద మేడమీద మాటలాడును. ఎన్నికల ముందురోజు రాత్రి నోటు పుచ్చుకొన్న చేయి మరుసటి దినమున ప్రశ్నించుటకు పైకి లేవదు. అమ్మకమైన వస్తువునకు ప్రశ్నించు హక్కు ఎక్కడిది?

యోతాము చెప్పిన చెట్ల ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. ఒలీవ, అంజూరము, ద్రాక్ష తమ తమ ఫలములనిచ్చు పనిని విడిచి రాజరికము చేయమనెను. ఏ ఫలమును లేని ముండ్లపొదయే సింహాసనమునకు ఒప్పుకొనెను. మన గ్రామములో ఫలమిచ్చు మనుష్యులు, అనగా నెమ్మదిగలవారు, నీతిపరులు, "మాకెందుకు ఈ గొడవ" అని తప్పుకొనినయెడల మిగులునది ముండ్లపొదయే. గనుక కిరీటమును వద్దనుడి గాని బాధ్యతను వద్దనకుడి. పంచాయతీలోను సంఘములోను పని వచ్చినప్పుడు చేయుడి, గడువు తీరినప్పుడు దిగుడి, లెక్క అడిగినప్పుడు చూపుడి.

ప్రభువును జనులు బలవంతముగా రాజుగా చేయ వచ్చిరి. ఐదు రొట్టెలతో వేలమందికి ఆకలి తీర్చిన దినమది. ఆకలి తీర్చినవానిని రాజును చేయుట నేటికిని మన ఆచారమే. ఆయన ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను. మరియొక రాత్రి తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల కాళ్లు కడిగెను. లోకములో అందరును పాదములయొద్ద వంగునది పొందుట కొరకు. ఆయన వంగినది ఇచ్చుట కొరకు. అట్లు వంగిన నడుమునకు అవమానము లేదు.

మొన్న మరల కూర్మన్నపాలెము పోయినప్పుడు ఆ ముసలివానిని చూచితిని. ఏదో కార్యాలయములో తన కుటుంబపు కాగితము కొరకు పోయి వచ్చెనట. "పని అయిందా పెద్దయ్యా?" అని అడిగితిని.

"అవనేదు బాబూ. మళ్లీ రమ్మన్నారు. కాని ఈసారి కాళ్లు పట్టుకోనేదు. నిలబడి అడిగినాను. ఎప్పుడిస్తారో రాసి ఇవ్వమన్నాను."

కాగితము ఇంకను రాలేదు. అయినను మూడు తరముల తరువాత ఆ ఇంట ఒక నడుము నిలువుగా నిలిచెను. ఈ నెల మన ప్రార్థనలలో నాయకుల కొరకు వేడుకొనునప్పుడు, వారియెదుట నిలువుగా నిలిచి సత్యము పలుకు ధైర్యమును మన కొరకును, మనలను ప్రశ్నించువాని మాటను ఓర్పుతో విను మనస్సును మన కొరకే మరల అడుగుదము.